కింద అరగంట తిప్పినా పోయదు, పైకొచ్చి డోర్‌మ్యాట్ మీద పోస్తుంది

హైదరాబాద్‌లో ఐదో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఇంట్లో ఆవిడ, భర్త, ఎనిమిదేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు. బాబు పోరు పడలేక ఒక షాపు నుంచి 45 రోజుల ఆడ లాబ్రడార్ కుక్కపిల్లను తెచ్చుకున్నారు. పేరు జున్ను. ఇప్పుడు దానికి 14 వారాలు, తొమ్మిది కిలోలు.

వచ్చిన కొత్తలో మూత్రం పోయడానికి న్యూస్‌పేపర్లు పరిచారు. తర్వాత ప్యాడ్లు కొన్నారు, చింపి పోగులు పెట్టింది. ఆ తర్వాత బాల్కనీలో వదిలి తలుపేశారు. రెండో టీకా పడ్డాక భర్త రోజుకు రెండుసార్లు కిందికి తీసుకెళ్తున్నారు. అరగంట తిప్పినా చుక్క పోయదు. పైకొచ్చి తలుపు తీయగానే డోర్‌మ్యాట్ మీద కూర్చుంటుంది. రెండుసార్లు లిఫ్టులోనే పని కానిచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫొటోతో సహా ఫిర్యాదు వచ్చింది. పూజగది ముందున్న చాప సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన దాని ముక్కు అందులో రుద్ది, పేపరు చుట్టి రెండు దెబ్బలు వేశారు. ఇప్పుడది సోఫా వెనక చేరి పోస్తోంది. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే నేలకు కరుచుకుపోయి అక్కడే తడిపేస్తోంది. ఇది చాలదన్నట్టు ఐదారు రోజులుగా గంటకు నాలుగుసార్లు కూర్చుని చుక్కలు చుక్కలుగా పోస్తోంది. ఆవిడ వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్తారు. అత్తగారు బ్యాగు సర్దుకుని కాకినాడలో కూతురింటికి పోతానంటున్నారు. ‘ఇది మొండిదా? కక్షతో చేస్తోందా? ఎవరికైనా ఇచ్చేయమంటారా? మాన్పించడానికి అసలు ఎన్నాళ్ళు పడుతుంది?’ అని అడిగారు.

అమ్మా, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మిగతాదంతా ఆ తర్వాత. ఈ వయసు పిల్ల మెలకువగా ఉన్నంతసేపూ గంట గంటకూ పోయడం మామూలే, రోజుకు పది పన్నెండుసార్లయినా కంగారు అక్కర్లేదు. కానీ ఐదారు రోజుల నుంచి కొత్తగా మొదలైన చుక్కలు చుక్కల వ్యవహారం అది కాదు. ఆడ కుక్కపిల్లల్లో మూత్రనాళానికి ఇన్ఫెక్షన్ వస్తే సరిగ్గా ఇలాగే ఉంటుంది: మాటిమాటికీ కూర్చోవడం, ముక్కడం, కొంచెమే రావడం, వెనక భాగం నాక్కోవడం, కొన్నిసార్లు రక్తపు జీర. పొద్దున్నే మొదటిసారి పోసేటప్పుడు ఒక పల్చటి శుభ్రమైన సాసరు దాని కిందికి జరిపి, మధ్యలో వచ్చే ధారను పట్టండి. మూత ఉన్న సీసాలో పోసి గంటా రెండు గంటల్లో ఇచ్చేయండి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టండి. నేల మీద పోసింది దూదితో పిండి తీసుకెళ్తే పరీక్షకు పనికిరాదు. ఇన్ఫెక్షనే అయితే మందు పడేదాకా ఏ శిక్షణా పనిచేయదు, ఎందుకంటే ఆపుకోవడం దాని చేతిలో లేదు.

రెండోది, మీవారు రాగానే నేలకు కరుచుకుపోయి పోయడం. దీన్ని అలవాటు తప్పుల లెక్కలో వేయకండి. పెద్ద కుక్క ముందు పిల్ల కుక్క ‘నేను చిన్నదాన్ని, నన్నేం చేయకు’ అని చెప్పుకునే పద్ధతి అది. దెబ్బలు తిన్నాక అది ఎక్కువవుతుంది. కోప్పడితే ఇంకా ఎక్కువవుతుంది, ఎందుకంటే మరింత గట్టిగా బతిమాలుకోవాలి కదా. ఆయన్ని లోపలికి రాగానే దాని వైపు చూడకుండా, వంగకుండా, పలకరించకుండా నేరుగా వెళ్ళి కాళ్ళు కడుక్కోమనండి. ఐదు నిమిషాల తర్వాత కింద కూర్చుని, పక్కకు తిరిగి, అదే దగ్గరికి వస్తే గడ్డం కింద నిమరమనండి. తల మీద చెయ్యి పెట్టొద్దు. చాలా పిల్లల్లో పెరిగేకొద్దీ ఇది దానంతటదే పోతుంది.

ఇక అసలు విషయం. మీరు దానికి ‘చోటు’ నేర్పుతున్నాననుకుంటున్నారు. అది నేర్చుకునేది మాత్రం కాళ్ళ కింద తగిలే నేల. పుట్టిన మూడు వారాల దాకా తల్లి నాకితేనే పిల్లలు పోస్తాయి. ఆ తర్వాత పడుకునే గూడు నుంచి కాస్త దూరం నడిచి పోయడం మొదలుపెడతాయి. ఆరు, ఏడు, ఎనిమిది వారాల మధ్య ఏ నేల మీద పోస్తే ఆ తగులుడు మనసులో ముద్ర పడిపోతుంది. ఆ రోజులు మొదలయ్యేసరికి మీ జున్ను షాపు బోనులో చింపిన పేపర్ల మీద ఉంది. తినడం, పడుకోవడం, పోయడం అన్నీ రెండడుగుల్లోనే. ఆ తర్వాత మీ ఇంట్లోనూ పేపర్లే. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకం గురించి 2017లో వచ్చిన కేంద్ర నియమాలు చెబుతున్నాయి. 45 రోజులంటే ఏడు వారాలైనా నిండలేదు. మిమ్మల్ని తప్పుబట్టడానికి చెప్పడం లేదు, చాలామంది అలాగే తెచ్చుకుంటున్నారు. గూడు శుభ్రంగా ఉంచుకోవాలన్న పట్టింపు దీనికి తక్కువ ఉండొచ్చు, మీరు మామూలుకన్నా కొంచెం ఎక్కువ ఓపిక పట్టాల్సి రావచ్చు, అంతే.

మీ ఇంటిని ఒకసారి దాని కాళ్ళతో నడిచి చూడండి. అంతా నున్నటి టైల్స్. అక్కడ పోస్తే పాదాలు తడుస్తాయి, జారుతుంది. పీల్చుకునే మెత్తటి చోట్లు ఇల్లంతటికీ మూడో నాలుగో ఉంటాయి: డోర్‌మ్యాట్, పూజగది ముందు చాప, బాబు పరుపు, మీ అత్తగారు చదువుతూ పక్కన పెట్టిన పేపరు. ఆ మూడో నాలుగో చోట్లే పోస్తోంది. ఇందులో కక్ష ఎక్కడుంది? పైగా ఏడు వారాల్లో మీరు పేపరు, ప్యాడు, సిమెంటు బాల్కనీ, కింద మట్టి అని నాలుగు రకాల నేలలు చూపించారు. ఏదీ రెండు వారాలు నిలకడగా సాగలేదు.

కింద ఎందుకు పోయదంటే రెండు కారణాలు. దానికి కింద అంతా జాతర. బైకులు, పిల్లలు, వాసనలు. భయమో సరదానో, రెండింట్లో ఏదైనా కండరం బిగుసుకుంటుంది. ఇంటికొచ్చి ఊపిరి పీల్చుకోగానే వదులవుతుంది. రెండో కారణం మీ వారి పేపరు చుట్ట. కొట్టినందువల్ల ‘ఇంట్లో పోయకూడదు’ అని అది నేర్చుకోలేదు, ‘ఈయన చూస్తుండగా పోయకూడదు’ అని నేర్చుకుంది. తాడు పట్టుకుని ఆయన పక్కనే నిలబడితే ఎలా పోస్తుంది? అందుకే సోఫా వెనక వెతుక్కుంటోంది. పోసిన రెండు నిమిషాల తర్వాత తీసుకొచ్చి చూపించి కొడితే, ఆ దెబ్బకూ ఆ తడికీ సంబంధం దానికి తెలియదు. అప్పుడు చెవులు వెనక్కి వాల్చి ‘తప్పు చేశాను’ అన్నట్టు చూస్తుందే, అది మీ ముఖం చూసి పడే భయం.

కాబట్టి ఇప్పుడు ఒకే నేల ఎంచుకోండి. మీ ముందు మూడు దారులున్నాయి.

బాల్కనీలో నిజమైన గడ్డి ఒక దారి. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడు నాలుగు అంగుళాల లోతున్న ప్లాస్టిక్ ట్రే తీసుకుని, అడుగున చిన్న బెజ్జాలు పెట్టి, కింద ఇంకో పల్చటి ట్రే ఉంచండి. రెండంగుళాలు ఇసుక పోసి, పైన నర్సరీలో దొరికే లాన్ గడ్డి పలక పరవండి. రోజుకు రెండు మగ్గుల నీళ్ళు పోసి, కింది ట్రే ఖాళీ చేయాలి. మూడు నాలుగు వారాలకోసారి గడ్డి మార్చాలి, లేకపోతే పసుపెక్కి కంపు కొడుతుంది. కింది ట్రే లేకపోతే ఆ నీళ్ళు పైపులోంచి నాలుగో అంతస్తు వాళ్ళ బట్టల మీదికి పోతాయి, ఆ గొడవ ఇంకోటి. ప్లాస్టిక్ గడ్డి వద్దు. మన ఎండకు అది కాలుతుంది, ఎంత కడిగినా వాసన వదలదు. ఈ దారిలో లాభం ఏమిటంటే మీ అత్తగారు దాన్ని ఎత్తాల్సిన పని లేదు, తలుపు తీస్తే చాలు. పైగా ఇక్కడ నేర్చుకున్నది తర్వాత కింద పార్కు గడ్డికి తేలిగ్గా మారుతుంది, కాళ్ళ కింద అదే తగులుడు కాబట్టి. నష్టం ఏమిటంటే పెద్దయ్యాక 28, 30 కిలోల కుక్కకు ఆ ట్రే చాలదు, ఎప్పటికైనా ఈ మార్పు చేయక తప్పదు.

నేరుగా కిందే నేర్పడం రెండో దారి. రెండుసార్లు నేర్పే పని తప్పుతుంది. కానీ ఈ వయసులో రోజుకు ఎనిమిది నుంచి పది ట్రిప్పులు వేయాలి, రెండు సరిపోవు. టీకా మూడో డోసు 16 వారాలు నిండాక పడుతుంది, దాని తర్వాత వారం పది రోజులు ఆగాలి. అప్పటిదాకా వీధికుక్కలు తిరిగే మట్టిలో దించితే పార్వో (కుక్కపిల్లల ప్రాణాలు తీసే వాంతులు, విరేచనాల జబ్బు) ప్రమాదం. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. వానాకాలం నిలవ నీళ్ళయితే ఎలుక జ్వరం భయం కూడా. వేరే కుక్కలు రాని మూల ఒకటి మీ కాంపౌండులో ఉంటే, మీ డాక్టరు ఒప్పుకుంటే, చంకనెత్తుకుని తీసుకెళ్ళి అక్కడే దించాలి. ఎత్తుకుంటే లిఫ్టులో పోయదు, చాలా పిల్లలు ఎత్తుకున్నప్పుడు ఆపుకుంటాయి. మీరు ఆఫీసుకెళ్ళే మూడు రోజులు మాత్రం ఈ దారి నడవదు. తొమ్మిది కిలోలు ఎత్తమని అత్తగారికి చెప్పలేం.

మూడోది శాశ్వతంగా బాత్రూమే. చాలా ఫ్లాట్లలో జరుగుతున్నది ఇదే, తప్పేమీ లేదు. నీళ్ళు పోస్తే అయిపోతుంది. కానీ బాత్రూము టైలు, హాలు టైలు దాని కాళ్ళకు దాదాపు ఒకటే. తేడా చూపడానికి గరుకు రబ్బరు మ్యాట్ వేయాల్సి వస్తుంది. ఎవరో తలుపు వేసుకున్నప్పుడు దానికి వస్తే హాలే గతి. పైగా కొన్ని కుక్కలు దీనికి ఎంత అలవాటు పడతాయంటే, ఊరెళ్ళినప్పుడు బయట పోయక గంటల తరబడి బిగబట్టుకుంటాయి.

మీ ఇంటి పరిస్థితికి మొదటి దారితో మొదలుపెట్టి, టీకాలయ్యాక కిందికి మారడమే నాకు మేలనిపిస్తోంది. మీకు పగలంతా ఇంట్లో ఉండే వెసులుబాటు దొరికితే రెండోదే ఇంకా మంచిది. మీ వారు ఏది చేయగలరో కూడా అడిగి తేల్చుకోండి, ఆయన ఒప్పుకోని దారి పది రోజుల్లో ఆగిపోతుంది.

దారి ఏదైనా పని ఒకటే. ఈ రాత్రికే డోర్‌మ్యాట్లు, చాప ఎత్తి అటకెక్కించండి, రెండు నెలలు కనబడకూడదు. పూజగదికి పిల్లల గేటు ఒకటి పెట్టండి. నిద్ర లేచిన వెంటనే, తిన్న పావుగంటకు, ఆట మధ్యలో ఇరవై నిమిషాలకోసారి, మిగతా వేళల్లో గంటకోసారి గడ్డి మీదికి. తాడు కట్టి తీసుకెళ్ళి, మీరు కదలకుండా నిలబడండి. తిప్పితే ఆటనుకుంటుంది. ఐదు నిమిషాలు చాలు. అది కూర్చుని మొదలుపెట్టగానే మెల్లగా ఒక మాట, ‘సుస్సు’ అనండి. ఇంట్లో అందరూ అదే మాట. ముగించిన రెండు సెకన్లలో, అక్కడే, నోట్లో ఒక ముక్క పడాలి. లోపలికొచ్చాక ఇస్తే లోపలికొచ్చినందుకు ఇచ్చినట్టు. మీ ఇంట్లో మాంసం వండరు కాబట్టి శనగగింజంత పనీరో, ఉడికించిన చిలగడదుంపో, దాని ఫుడ్‌లోంచి రెండు గింజలో సరిపోతాయి. (ప్రసాదంలో కిస్‌మిస్ మాత్రం ఎవరూ వేయొద్దు. ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడు చేస్తుంది.)

పోయకపోతే? చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఖాళీగా వెనక్కి తెచ్చి హాల్లో వదిలేస్తారు. వదలకండి. తాడు మీ నడుముకో కుర్చీ కాలికో కట్టుకుని మూడడుగుల్లో ఉంచుకోండి, పది నిమిషాలాగి మళ్ళీ తీసుకెళ్ళండి. పోసిన తర్వాతే హాల్లో అరగంట స్వేచ్ఛ. కింద నేర్పేటప్పుడు కూడా ఇదే: పోయగానే ఇంటికి లాక్కొస్తే, పోస్తే షికారు ఆగిపోతుందని నేర్చుకుని బిగబడుతుంది. ముందు పోయాలి, ఆ తర్వాతే తిప్పాలి.

మీ కళ్ళెదుటే ఇంట్లో మొదలుపెడితే చిన్నగా చప్పట్లు కొట్టి, ఎత్తుకుని గడ్డి మీద దించండి, మిగిలింది అక్కడ పోస్తే బహుమతి ఇవ్వండి. ఆలస్యంగా చూస్తే నోరు మూసుకుని తుడవడమే.

తుడవడం గురించి ఒక మాట. మీరు ఫినాయిల్ వాడుతున్నామని రాశారు. దాని వాసన మన ముక్కునే మోసం చేస్తుంది, కుక్క ముక్కును కాదు. నల్ల ఫినాయిల్ అయితే పాదాలకంటినది నాకితే విషం కూడా. బ్లీచింగ్ మూత్రంతో కలిస్తే కళ్ళు మండే వాయువు వస్తుంది. పాత గుడ్డతో అద్ది పీల్చేసి, మంచినీళ్ళతో కడిగి, పెట్ షాపుల్లో దొరికే, మూత్రపు వాసనను పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ పోసి పది పదిహేను నిమిషాలు తడిగా వదిలేయండి. ఫినాయిల్ మీద పోస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, ముందు కడగాలి. అది దొరక్కపోతే ఒక కప్పు వెనిగర్‌కు ఒక కప్పు నీళ్ళు. పూజగదిలో పాలరాయి ఉంటే వెనిగర్ తగలనీయొద్దు, రాయిని తినేసి మచ్చ పెడుతుంది. టైల్స్ మధ్య సందుల్లో పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి, వాసన దాగేది అక్కడే. అన్నిటికన్నా ముఖ్యం, మీ పనమ్మాయి జున్ను పోసిన చోటు తుడిచిన మాపుతోనే ఇల్లంతా తుడుస్తోందేమో చూడండి. అలాగైతే రోజూ పొద్దున ఇల్లంతా ‘ఇక్కడ పోయవచ్చు’ అని ముగ్గు వేసినట్టే. దానికి వేరే గుడ్డ, వేరే బకెట్ ఉండాలి.

తిండి వేళలు కుదిరితే రెంటికి వెళ్ళే వేళలూ కుదురుతాయి. ఏడింటికి, ఒంటిగంటకు, రాత్రి ఏడింటికి పెట్టి, పావుగంటలో గిన్నె తీసేయండి. మీ అత్తగారు ప్రేమతో మధ్యమధ్యలో పాలన్నం పెడుతున్నారని రాశారు. తల్లిపాలు మానాక చాలా పిల్లలకు పాలు అరగవు, విరేచనాలవుతాయి, వాటికి వేళాపాళా ఉండదు. రెండు చెంచాల పెరుగన్నం వేళకు పెట్టమనండి. నీళ్ళు పగలు ఎప్పుడూ తగ్గించొద్దు. పడుకునే గంటన్నర ముందు మాత్రం గిన్నె ఎత్తేయండి, ఎండాకాలంలో అదీ వద్దు.

రాత్రి బాల్కనీలో ఒంటరిగా వదలడం ఆపేయండి. భయంతో ఏడ్చి, పడుకున్న చోటే పోస్తుంది, షాపు బోను అలవాటు మళ్ళీ మొదటికొస్తుంది. మీ మంచం పక్కనే, లేచి నిలబడి చుట్టూ తిరిగి చాపుకుని పడుకునేంత క్రేట్ (కుక్క పడుకునే పెట్టె) పెట్టండి. పెద్దదైతే ఒక మూల పడకా, ఇంకో మూల పాయిఖానా చేసుకుంటుంది. ఎదిగాక సరిపోయే 42 అంగుళాలది కొని మధ్యలో అడ్డం పెట్టి వాడొచ్చు. అందులోనే రెండు రాత్రులు వరుసగా పోసిందంటే, బలవంతం చేయకుండా మంచం కాలికి పొట్టి తాడు కట్టి పరుపేయండి. పదకొండింటికి ఒకసారి, మూడింటికి అలారం పెట్టుకుని ఒకసారి. లైటు వేయొద్దు, మాట్లాడొద్దు, పోసి పడుకోవడమే. తడి లేని మూడు రాత్రులకోసారి అలారం పావుగంట ఆలస్యంగా పెట్టండి.

ఆఫీసు రోజుల సంగతి. ఈ వయసులో పగలు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. తొమ్మిది నుంచి ఆరున్నర దాకా అత్తగారి మీద వదిలితే ఆవిడ కాకినాడ వెళ్ళడంలో అన్యాయం లేదు. పన్నెండింటికీ మూడున్నరకూ అరగంట వచ్చే మనిషిని కుదుర్చుకోవడం ఒక పద్ధతి, ఖర్చు ఉంది. బాల్కనీ తలుపు దగ్గర మూడు వైపులా గేటు పెట్టి, పరుపు, నీళ్ళు, గడ్డి ట్రే అందులోనే ఉంచడం ఇంకో పద్ధతి. ఖర్చు తక్కువ, అయితే నేర్చుకోవడం రెండు మూడు వారాలు వెనకబడుతుంది. అత్తగారికి తుడిచే పని అస్సలు ఇవ్వొద్దు. కుర్చీలో కూర్చుని గడ్డి మీద పోసినప్పుడు ముక్క వేసే పని ఒక్కటే ఇవ్వండి. శుభ్రం చేసే చేతులు మీవీ, మీ వారివీ. లిఫ్టు విషయంలో కూడా అంతే. అపార్ట్‌మెంట్ సంఘాలు కుక్కలను నిషేధించలేవని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలు ఉన్నా, మీ కుక్క చేసిన తడి తుడవాల్సింది మీరే. చేతిలో గుడ్డ, సీసా పట్టుకుని ఎక్కండి.

ఇచ్చేయాలా అని అడిగారు. ఇన్ఫెక్షన్ తగ్గి, ఒకే నేల మీద నిలకడగా ఆరు వారాలు నడిపాక కూడా ఇంట్లో మనశ్శాంతి లేకపోతే, తెలిసినవాళ్ళకు, పగలు మనిషి ఉండే ఇంటికి ఇవ్వడం తప్పు కాదు. ఆరు వారాలకు ముందే ఇస్తే మాత్రం కొత్త ఇంట్లో ఇవే చాపలు, ఇవే డోర్‌మ్యాట్లు.

ఎన్నాళ్ళంటే, రెండు మూడు వారాల్లో తడి సగానికి తగ్గాలి. ఐదారు నెలల వయసుకు పగలు దాదాపు ఉండకూడదు, ఏడాది దాకా అడపాదడపా ఒకటి జరుగుతుంది. నాలుగు రోజులు ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఎప్పుడు తింది, ఎప్పుడు లేచింది, ఎప్పుడెక్కడ పోసింది అని రాయండి. ఐదో రోజుకు దాని గడియారం మీకే తెలుస్తుంది. ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య మొదటిసారి ఎదకొచ్చినప్పుడు మళ్ళీ మాటిమాటికీ, అక్కడక్కడా కాస్త కాస్త పోస్తుంది. ఆ మూడు వారాలూ పాత పాఠం మరిచిపోయిందనుకుని మీ వారు పేపరు చుట్టకుండా చూసుకోండి.